పదవి వచ్చింది, వాటా రాలేదు

తెలంగాణ అవతరించిన 2014 జూన్ 2నే మహమూద్ అలీ గారు ఉప ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, రెవెన్యూ శాఖ చేపట్టారు. 2018 డిసెంబరులో ముఖ్యమంత్రితో పాటు ఆయన ఒక్కరే ప్రమాణం చేసి హోం మంత్రి అయ్యారు. 2023 చివరి వరకు పదవిలో ఉన్నారు. ఆ గౌరవాన్ని మేము తక్కువ చేయము. అయితే ఒక వ్యక్తికి దక్కిన పదవిని సమాజానికి దక్కిన అధికారంగా లెక్కగట్టడాన్ని మాత్రం అంగీకరించము.

ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ ఆ పార్టీ ఇచ్చిన వాగ్దానం. 2017 ఏప్రిల్ 16న శాసనసభ ఆమోదించిన బిల్లు ముస్లింల వాటాను 4 నుంచి 12 శాతానికి, గిరిజనుల వాటాను 6 నుంచి 10 శాతానికి పెంచింది. కేంద్రం ఆమోదం రాలేదు. 2022లో గిరిజనుల వాటాను ప్రభుత్వం జీవోతోనే 10 శాతం చేసింది. అది వారి న్యాయమైన హక్కు, మేము హర్షించాము. మన వాటా మాత్రం 4 దగ్గరే ఆగింది. రెండింటికీ చట్టపరమైన చిక్కులు వేరు కావచ్చు. అలాగైతే ఆ చిక్కులు వాగ్దానం చేసిన నాడు తెలియవా?

2023 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం తొలి మంత్రివర్గంలో ఒక్క ముస్లింకైనా చోటివ్వలేదు. ఒకరు పదవి చూపి వాటాను మరిపించారు, మరొకరు పదవినీ మరిచారు. ఇకపై ఏ మంత్రి మన ముందుకు వచ్చినా పూలదండ కంటే ముందు ప్రశ్న వేద్దాం: మీ సంతకంతో మాకు ఏమి దక్కింది?