భోపాల్ సిరీస్ చూశాం సరే, మన చేలో మందు సంగతేంది?



నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది రైల్వే మెన్’ అని నాలుగు భాగాల సిరీస్ ఉంది, 2023లో వచ్చింది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో గ్యాస్ లీకైనప్పుడు రైల్వే వాళ్లు జనాన్ని ఎట్టా కాపాడారనేది కథ. చూడని వాళ్లు చూడండి.

అయితే ఒక్క మాట. ఆ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో చేసింది బాంబులు కాదు, పురుగుమందు. ‘సెవిన్’ పేరుతో అమ్మిన కార్బరిల్. అంటే మనలాంటోళ్ల చేల కోసమే. దాని తయారీకి నిల్వ పెట్టిన మిథైల్ ఐసోసైనేట్ సుమారు 40 టన్నులు ఆ రాత్రి ఊరి మీద పడింది. ఫ్యాక్టరీ మూతపడినా మందు పోలేదు. మన దేశంలో కార్బరిల్‌ను నిషేధించింది 2018 ఆగస్టులో, అంటే 34 ఏళ్లకు! ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విషపు చెత్తను తరలించింది 2025 జనవరిలో. సిరీస్ నాలుగు భాగాలకే అయిపోయింది, అసలు కథ 40 ఏళ్లు నడిచింది.

తెర మీద విషమంటే ఒక్క రాత్రి. దగ్గు, నురగ, కుప్పకూలడం. చేలో అట్టా ఉండదు. మందు కొట్టొచ్చిన సాయంత్రం తలనొప్పి, కళ్లు మసక, ఒళ్లంతా చెమట, నోట్లో చొంగ, కండరాలు అదరడం. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటాం. కార్బరిల్ జాతి మందులు, మోనోక్రోటోఫాస్ లాంటివి నరాలను అదుపులో ఉంచే ఎంజైమును దెబ్బతీస్తాయి. ఆ గుర్తులు దానివే. దీని మీద సీరియల్ ఎవరూ తీయరు, చూసేవాళ్లకు ఉత్కంఠ ఏముంటుంది?

మన బోగోలు పక్క చాలా చేలల్లో మందు కొట్టేది ఆసామి కాదు, కూలికొచ్చిన కుర్రోడు. డబ్బా మీద ఎర్ర త్రికోణమంటే అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మనకు తెలుసు. ఆ కుర్రోడికి చెప్పామా?

మాస్కు, గ్లౌజులు వేస్తే ఈ ఉక్కలో పని సాగదంటారు. నిజమే. అందుకే పొద్దున్నే కొట్టించండి. గాలికి ఎదురుపోనీయొద్దు. సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టనీయండి. కళ్లు మసకేస్తే మందు డబ్బా వెంటబెట్టుకునే ఆసుపత్రికి తీసకపోండి. ఏ మందో తెలిస్తే డాక్టరు విరుగుడు తొందరగా ఇస్తాడు.

భోపాల్ వాళ్లను చూసి అయ్యో అన్నాం. మన చేలో కుర్రోడి సంగతి మాత్రం మనమే చూసుకోవాల. ఏమంటారు? కింద రాయండి.