క్రీడావినోదములు: గాల్ఫు ఆటలో దూరపు పట్

గాల్ఫు పురుషుల యాట యని తలంచు సోదరీమణులు స్కాట్లండు దేశమందలి సెయింట్ ఆండ్రూస్ పట్టణపు సంగతి తెలిసికొనదగును. అచ్చటి స్త్రీలు 1867వ సంవత్సరమున తమకై యొక పటింగు సంఘమును స్థాపించుకొనిరి. స్త్రీ భుజమునకు మించి కఱ్ఱ నెత్తి కొట్టుట మర్యాద కాదని యా కాలమువా రెంచిరి. కావున గుంట చెంతనున్న నున్నని పచ్చికపై బంతిని దొరలించుట మాత్రమే వారికి మిగిలెను. ఈ దెబ్బనే పట్ అందురు. అందుకు వాడు కఱ్ఱ పట్టర్. ఆ సంఘము నేటికిని కలదు. మిట్టపల్లములతో నిండిన దాని పచ్చికకు 'హిమాలయములు' అని పేరు.

వారికి విడిచిన భాగము స్వల్పమైనది కాదు. 200 గజముల దెబ్బయు, రెండడుగుల పట్ కూడ లెక్కకు ఒక్కటియే. 18 గుంటలకు 72 దెబ్బలు నియమమైన చోట, గుంట కొక్కంటికి రెండు పట్‌ల చొప్పున 36 దెబ్బలు పచ్చికమీదనే వ్యయమగును. దూరపు పట్ సరిగా రానివారికి రెండు మూడగును.

గుంట యడ్డుకొలత 4¼ అంగుళములే. 40 అడుగుల నుండి బంతి యందు పడుట నిపుణులకును అరుదు. గుంటకు మూడడుగుల లోపల బంతిని నిలిపిన చాలును. తరువాతి దెబ్బ సులభమగును. క్రొత్తవారు దిక్కును గూర్చియే మిక్కిలి యోచింతురు. కాని దిక్కు కొంచెము తప్పిన బంతి అడుగో రెండడుగులో ప్రక్కకు బోవును. బలము తప్పిన బంతి పదియడుగుల ఇవతలనే నిలిచిపోవును, లేదా అంత దూరము దాటిపోవును.

మొదట బంతి నుండి గుంటవఱకు నడిచి ఎత్తుపల్లములు చూడవలెను. ఎగువకు బలము హెచ్చు, దిగువకు తక్కువ. మంచుతో తడిసిన పచ్చికపై బంతి మెల్లగా సాగును. పిమ్మట గుంటనే చూచుచు కఱ్ఱను రెండు మూడు మారులు వట్టిగ నూపవలెను. ఉయ్యాల నూపు తల్లికి ఈ లయ క్రొత్త గాదు; ఊపు చిన్నదైనను పెద్దదైనను కాలము ఇంచుమించు ఒక్కటే. అట్లే దూరము పెరిగినకొలది ఊపు నిడివిని పెంచవలెనేగాని మణికట్టుతో విసరరాదు. బంతి పట్టరు నడుమనే తగులవలెను. అంచున తగిలిన దూరము తగ్గును.

సాధనకై 20, 30, 40 అడుగుల యెడ మూడు గుడ్డలు పఱచి, వరుస మార్చుచు ఒక్కొక్క దానికి బంతిని కొట్టవలెను. కొట్టిన వెంటనే బంతిని చూడక, 'తక్కువ' లేక 'ఎక్కువ' అని చెప్పి, తరువాత చూడవలెను. ఇట్లు చేతికి దూరము తెలియును.

2021వ సంవత్సరమున టోకియోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో బెంగళూరు వనిత అదితి అశోక్ నాల్గవ స్థానము నందెను. బంతిని మిక్కిలి దూరము కొట్టువారిలో ఆమె చేరదు. పటింగు నేర్పే యామె బలము. ఒక్క దెబ్బ తేడాతో ఆమెకు పతకము తప్పెను. ఒక్క దెబ్బ విలువ యెంతయో దీనివలన గ్రహింపవచ్చును. ఈ యాట నేర్వగోరు సోదరీమణులు, ఇంటిలోని బాలికలకు నేర్పగోరు తల్లులు, పట్టరుతోనే మొదలిడుదురుగాక యని మా మనవి.