పదకొండవ సెకండున ఏమి చూపెదరు?

నిత్యవ్యవహారములకు వాడు యాప్‌లు ఆటవలె ఉల్లాసకరములుగను, మనస్సునకు శాంతిప్రదములుగను ఉండవలెనని డిజైనర్లు ఉపన్యసించుచుండగా, డబ్బుతో ఈ పరాచికములేమిటని పెద్దలు కసరుచున్నారు. ఉభయులును విస్మరించుచున్న సంఖ్య ఒకటి కలదు: పది సెకండ్లు. 1968లో మిల్లరు అను పరిశోధకుడు చేసిన పరిశీలనలను ఆధారము చేసికొని, యంత్రముల వాడుక సౌలభ్యమును పరిశీలించిన జాకబ్ నీల్సన్ 1993 నాటి తన గ్రంథమున మూడు హద్దులు నిర్ణయించెను. సెకండులో పదవ వంతు కాలమున పలికిన యంత్రము మనిషికి తన చేతిలోనిదే అని తోచును. ఒక్క సెకండు వరకు ఆలోచన తెగదు. పది సెకండ్లు దాటెనా, మనస్సు ఆ పనిని విడిచి వేరొకదానిపైకి పోవును. డబ్బు విషయమున ఆ వేరొకటి భయము.

సాయంకాలపు రద్దీలో, కిరాణా కొట్టు బల్లయెదుట, ఒక చేత పాలప్యాకెట్టును మరొక చేత ఫోనును పట్టుకొని, స్కాన్ చేసి పిన్ను కొట్టిన ఇల్లాలిని గమనింపుడు. తెరపై చక్రము తిరుగుచుండును. “ఇంకా రాలేదమ్మా” అనును కొట్టువాడు. “నా అకౌంటులో కట్ అయిపోయిందండీ” అని ఆమె బ్యాంకు మెసేజి చూపును. మరల పంపినచో రెండుమార్లు పోవునేమో, పంపకున్న సరుకు విడిచి పోవలెనేమో ఆమెకు తెలియదు, వెనుకనున్నవారు విసుగుకొనుచుందురు. ఆ చక్రము ఎంత లేతరంగున, ఎంత సుకుమారముగ తిరిగిననేమి? తేజ్ అను పేర 2017లో వెలసి పిదప గూగుల్ పే అయిన యాప్ మనకు అలవరచిన గీకుడు కార్డు సైతము చెల్లింపు సఫలమైన పిమ్మటనే కదా ప్రత్యక్షమగునది! ధైర్యము అక్కరలేని వేళ వినోదము. అక్కరపడిన వేళ మౌనము.

ఈ వైపరీత్యమునకు మూలము నమూనాలు తయారగు పద్ధతిలోనే ఉన్నది. డిజైనర్లు తెరలను గీయు ఫిగ్మా అను సాధనమున గీచిన నమూనాకు వెనుక బ్యాంకు లేదు, సర్వరు లేదు, సిగ్నలు పోవుట లేదు. మీట నొక్కినంతనే తరువాతి బొమ్మ వచ్చును, రంగుకాగితములు రాలును, సభవారు చప్పట్లు కొట్టుదురు. పది సెకండ్ల నిరీక్షణ అన్నది ఆ లోకమున సంభవింపనే సంభవింపదు గనుక దానికి బొమ్మ గీచువాడు లేడు. తీగలకావలనున్నవారు మాత్రము ఈ సంఖ్యను గుర్తించినట్లే ఉన్నారు: 2025 జూన్ 16 నుండి చెల్లింపునకు బదులు వచ్చు గడువును 30 సెకండ్లనుండి 15కును, లావాదేవీ స్థితివిచారణకు గడువును 30నుండి 10కిని యూపీఐ చెల్లింపులను నడుపు ఎన్‌పీసీఐ తగ్గించెను. మరల అదే పది!

ఆట వలదనువారి పక్షమున నేను లేను. తొలిసారి ఫోను పట్టిన వృద్ధుని బెరుకును చిన్న బొమ్మయొకటి పోగొట్టగలదు, కాదనుట మొండితనము. అయితే ఆ ఆట జరుగుచున్న పనిని గురించి నిజము చెప్పవలెను. శాంతియుత సాంకేతికతను గురించి 1995లో వ్రాసిన మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్‌లు చూపిన ఉదాహరణ అట్టిదే. జిరాక్స్ పార్క్ పరిశోధనాలయమున నటాలీ జెరెమిజెంకో అను కళాకారిణి ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ త్రాటిని చిన్న మోటారునకు వ్రేలాడదీసి, దానిని నెట్‌వర్క్ తీగకు కలిపినది. సమాచారము దట్టముగా పారునప్పుడు అది గిరగిర తిరిగెడిది, పలుచబడినప్పుడు అప్పుడప్పుడు ఉలికిపడెడిది. చూచుటకు వింత, కాని అబద్ధమాడదు. మన మిరపకాయ బజ్జీల బండిమీది సౌండ్‌బాక్సు దానికి సాక్షాత్తు సోదరియే: శెనగపిండి అంటిన చేతులతో ఫోను తాకనక్కరలేకుండ, వచ్చిన పైకము ఎంతయో తెలుగున పలుకును. డిజైను బహుమతుల ప్రసంగములలో దాని ఊసెత్తువారు అరుదు.

కొన్నవానికి అట్టి సదుపాయమేది? రెండు గట్లనడుమ చిన్న పడవను గీయుడు. సొమ్ము నిలిచిపోయినచో నడియేటనే ఆపుడు. “మరల పంపవద్దు” అని వ్రాయుడు. దుకాణమునకు ధ్రువీకరణ చేరని సొమ్ము లావాదేవీ జరిగిన ఐదు దినములలోపల తనంత తాను ఖాతాకు తిరిగి రావలెననియు, ఆలస్యమునకు దినమునకు 100 రూపాయలు ఇయ్యవలెననియు రిజర్వు బ్యాంకు 2019లోనే శాసించియున్నది. ఆ రెండు ముక్కలు ఆ తెరపై వ్రాయుటకు అడ్డమేమి? అడిగినచో యాప్‌లు మారకపోవు: అమెరికాలో షేర్లు కొనిన పిల్లకాయలపై రంగుకాగితములు చల్లిన రాబిన్‌హుడ్ యాప్, విమర్శలు ముదిరిన పిమ్మట 2021లో వానిని తొలగించినది. ఇచటనో, వినియోగదారులను ఏమార్చు పదుమూడు పోకడలను 2023లో లెక్కించి నిషేధించిన కేంద్రాధికారులకు సైతము నోరెత్తని చక్రము నేరముగా తోచలేదు.

ఇకమీదట పోటీకి వచ్చిన ప్రతి నమూనాను వేదికమీదనే నెట్ తెంచి నడిపింపుడు. పది లెక్కపెట్టి, పదకొండవ సెకండున తెరపై ఏమున్నదో సభకు చదివి వినిపింపుమనుడు. వినిపింపలేనివాడు తన బుడగలను, రంగుకాగితములను మూటగట్టుకొని దిగిపోవచ్చును. బహుమతి ఆ యేటికి ఇయ్యకున్నను దేశమునకు నష్టము లేదు.