గుండె నీరసించిన వారికి డాక్టరేడీ?

మదనపల్లె: పాతకాలం వారు పడమటి తాలూకాలని పిలుచుకునే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఎవరికైనా గుండెపోటు వస్తే దొరికిన బండిలో వేసుకుని తిరుపతికో, రాయవేలూరుకో, బెంగుళూరుకో పరుగెత్తడం అందరూ ఎరిగినదే. బతికి తిరిగి వచ్చిన వారి సంగతే ఎవరికీ పట్టడం లేదు. వారిలో కొందరికి కొన్నాళ్లకు కాళ్లు వాస్తాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. గుండె ఆగిపోలేదు, రక్తాన్ని తోడే బలం తగ్గింది. దీనినే డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. పల్లెల్లో మాత్రం ఉబ్బసమనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకుంటారు.

ఇది చిన్న జబ్బు కాదు. 2019, 2020 సంవత్సరాలలో దేశంలోని 53 ఆసుపత్రులలో ఈ జబ్బుతో చేరిన 10,851 మంది వివరాలు సేకరించగా, నూటికి 14 మంది 90 రోజులలోపే మరణించినట్లు తేలింది. వారి సగటు వయసు 60 ఏళ్లే. ఇవ్వవలసిన మందులు సక్రమంగా అందినవారు సగం మంది కూడా లేరు. ఈ మందులను బి.పి., మూత్రపిండాల పరీక్షలు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచవలసి ఉంటుంది. అందుకు ఓపికగా కనిపెట్టి ఉండే డాక్టరు కావాలి.

అటువంటి డాక్టర్లు ఎందుకు రావడం లేదు? ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్లు, ఎం.డి. మూడేళ్లు, గుండె వైద్యంలో డి.ఎం. మరో మూడేళ్లు. ఆ పైన ఈ ఒక్క జబ్బు కోసం ఇంకో ఏడాది చదవమంటే ముందుకు వచ్చేదెవరు? స్టెంటు వేసిన డాక్టరుకు పేరు, రాబడి రెండూ వస్తాయి. ఉప్పు తగ్గించమని, ఊరగాయ మానమని అరగంట చెప్పిన డాక్టరుకు ఏమి మిగులుతుంది? అమెరికాలో 2008లోనే దీనిని ప్రత్యేక విభాగంగా గుర్తించారు. అయినా అక్కడ కూడా శిక్షణ సీట్లు నిండక మిగిలిపోతున్నాయి.

మామూలు డాక్టరుకే దిక్కులేని చోట ఇంత పెద్ద చదువులెందుకని అడిగేవారున్నారు. ఊరికొకరు రానక్కరలేదు. ఒక్కరు శిక్షణ పొంది వారానికొక రోజు ఒక్కొక్క ఊరి ప్రభుత్వాసుపత్రికి వస్తే, అక్కడి డాక్టర్లకు, నర్సులకు పని నేర్పగలరు. రోజూ బరువు చూసుకోమని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఆసుపత్రికి రమ్మని చెప్పడానికి నర్సు చాలు.

డాక్టర్లను రప్పించడం ఈ గడ్డకు కొత్త కాదు. క్షయ పేరు చెబితేనే జనం దూరం జరిగే రోజుల్లో, 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోల్లర్ దానిని నడిపారు. దేశంలో తొలిసారి బి.సి.జి. టీకాలు వేసింది కూడా 1948లో మదనపల్లెలోనే. పనికి తగిన ఆసుపత్రి, పరిశోధనకు వీలు, చేసిన పనికి గౌరవం ఉంటే కొండల నడుమకైనా డాక్టర్లు వస్తారనడానికి ఇదే సాక్ష్యం.

ఇప్పుడు శిక్షణ ఇప్పించడానికి దూరం పోనక్కరలేదు. తిరుపతిలో స్విమ్స్ ఉంది. అక్కడే 2021లో ప్రారంభమైన పద్మావతి హృదయాలయంలో 2023లో గుండె మార్పిడి ఆపరేషన్ కూడా జరిగింది. కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది. లేనిదల్లా ఆకర్షణ. శిక్షణ కాలంలో తగిన స్టయిపెండు, చదువు ముగియగానే ఖాయమైన పోస్టు, అదనపు జీతం, ఉండడానికి క్వార్టరు ఇవ్వాలి. పడమటి ప్రాంతంలో పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లకు ఈ శిక్షణలో మొదటి అవకాశం కల్పించాలి.

నెలనెలా నూరు కిలోమీటర్లు బస్సులో పోయి రావాలంటే కూలి మనిషికి ఛార్జీలు ఒక ఖర్చు, పోయిన కూలి మరో నష్టం. రెండు నెలలు పోతాడు, మూడో నెల మందు మానేస్తాడు. ప్రాణం పోయేది అక్కడే. పాలకులు, ప్రజాప్రతినిధులు ఆలోచించవలసింది ఆ మూడో నెల గురించే.