సీసామీది చీటీ

రుచి నాలుకకు సంబంధించినదని లోకము నమ్ముచున్నది. కాని నాలుక తీర్పు చెప్పుటకు ముందే కన్ను తీర్పు చెప్పును. కంటికి ముందు వెల చెప్పును. వెలకు ముందు పేరు చెప్పును. ఈ సత్యమునకు ఫ్రెంచివారి ద్రాక్షాసవముల కథకంటె మంచి దృష్టాంతము మాకు కనబడలేదు.

నారాయణఖేడ్ ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఫ్రెంచి వైనుతో నేమి పని యని కొందరడుగవచ్చును. విద్యార్థి మద్యమును ముట్టవలెనని మా యభిప్రాయము ఎంతమాత్రమును కాదు. వృత్తిగా రుచి చూచువారు సైతము సాధారణముగా పుక్కిలించి ఉమిసివేయుదురే కాని మ్రింగరు. వారికి కావలసినది మత్తు కాదు, నిర్ణయము. మనకు గావలసినదియు ఆ నిర్ణయవిధానమే.

అది సులభమైనది. గాజుపాత్రను తెల్లని గుడ్డకెదురుగా నుంచి రంగు చూతురు. పాత్రను మెల్లగా త్రిప్పి వాసన పట్టుదురు. ఒక్క గుక్క నోట నుంచుకొని పులుపెంత, తీపి యెంత, వగరెంత, ఉమిసిన పిదప రుచి యెంతసేపు నిలిచినదని విచారింతురు. ఎఱ్ఱవైనులో రసము తొక్కలతో కూడ పులియును గనుక వగరు హెచ్చు. తెల్లవైనులో రసమును తొక్కలనుండి ముందుగానే వేఱుచేయుదురు గనుక ఆ వగరు తక్కువ, పులుపు తేటగా తెలియును. ఈ గుణములలో నేదియు తక్కినవానిని మ్రింగివేయక సమముగా నున్నచో, ఆ సీసా స్వల్పవెలదైనను మంచిదే. ఫ్రాన్సులో 1935నుండి చట్టము ఊరిపేరును కాపాడుచున్నది. ఆ ముద్ర పుట్టినచోటును, చేసిన పద్ధతిని చెప్పును. నీ నాలుకకు నచ్చునని మాత్రము హామీ యీయదు. మన మెతుకుసీమలో ఈతకల్లును తాటికల్లును, అందును పోతుతాడును పండుతాడును నాలుకతోనే వేఱుపఱుపగల పెద్దలకు ఈ విద్య క్రొత్త కాదు. వారి చెట్టుకు చీటీ లేదు.

చీటీకి బలమెట్లు వచ్చినది? 1855లో పారిస్ ప్రదర్శన సందర్భమున, మూడవ నెపోలియన్ కోరికపై, బోర్డో ఎఱ్ఱవైనులను ఐదు తరగతులుగా విభజించిరి. విభజించిన దళారులు ప్రధానముగా అంగడివెలనే ప్రమాణముగా గైకొనిరి. ఆ తరగతులు నేటికిని దాదాపు అట్లే నిలిచియున్నవి. రెండవ తరగతినుండి మొదటిదానికి ఎక్కినది మూటన్ రోత్‌షిల్డ్ ఒక్కటే, అదియు 1973లో. మఱి మూడేండ్లకు, 1976 మే 24న, స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లవర్తకుడు పారిస్‌లోనే చీటీలు మఱుగుపఱచి ఫ్రెంచి నిపుణులకు వైనులందించెను. తెల్లవానిలోను ఎఱ్ఱవానిలోను ప్రథమస్థానము కాలిఫోర్నియాకు దక్కెను. మూటన్ రోత్‌షిల్డ్ రెండవదిగా నిలిచెను. 2008లో ప్రకటితమైన యొక పరిశీలన 6,000కు పైబడిన రుచిపరీక్షలను లెక్కించినది. వెల యెఱుగని సామాన్యులు ఖరీదైన వైనును అధికముగా మెచ్చలేదు. ఒకింత తక్కువగానే మెచ్చిరి.

అయితే చీటీ కప్పినంతనే వివేకము కలుగునా? కలుగదు. బోర్డోలో వైనుశాస్త్రము చదువుచున్న 54 మందికి, తెల్లవైనులో వాసనలేని ఎఱ్ఱరంగు కలిపి యిచ్చిరి. వారు ఎఱ్ఱవైనుకు వాడు మాటలతోనే దాని వాసనను వర్ణించిరి. 2001లో ఈ ఫలితములు వెలువడినవి. పేరు పోయినను కన్ను మిగిలినది.

సాహిత్యమునందును ఇదియే కథ. ఐ. ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో 13 పద్యములను కవుల పేర్లు తొలగించి విద్యార్థులకిచ్చి, అభిప్రాయములు వ్రాయుమనెను. ఆ వ్రాతల పరిశీలనయే 1929లో వెలువడిన ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ గ్రంథము. జాన్ డన్, లారెన్స్ వంటివారి పద్యములు పెక్కుమందికి రుచింపలేదు. మహాకవుల కీర్తి వట్టిదని దీని యర్థము కాదు. చదువరికి శిక్షణ చాలలేదని యర్థము.

మన పెద్దలు కవితాపాకమును ద్రాక్షతోను, అరటితోను, కొబ్బరికాయతోను పోల్చిరి. ఆ మూడు పేర్లను విద్యార్థి పరీక్షకై కంఠస్థము చేయుచున్నాడు. ఒక పద్యమిచ్చి ఇది యే పాకమో చెప్పుమన్నచో నివ్వెఱపోవుచున్నాడు. దోషము వానిది కాదు. ‘ఇది మహాకవి పద్యము, ఇందలి శయ్య రమణీయము’ అని మనము ముందుగా చీటీ అంటించి, పిదప సీసా చేతికిచ్చుచున్నాము. గైడు పుస్తకము ఆ చీటీనే వానికి మఱల అమ్ముచున్నది.

జవాబుపత్రముపై విద్యార్థి పేరు దిద్దువానికి తెలియకుండుట న్యాయమని మనమంగీకరించితిమి. ఆ న్యాయమును పద్యమునకును జేయుదము. వారమునకొక గంట, కవి పేరు చెప్పక ఒక పద్యమును నల్లబల్లపై వ్రాయుడు. రెండుమాఱులు చదివి వినిపింపుడు. ప్రతి విద్యార్థియు తనకు తోచినది మూడు వాక్యములలో, ఏ పదమువలన అట్లు తోచినదో చూపుచు, వ్రాసిన పిమ్మటనే పేరు చెప్పుడు. ఇందుకు నిధులక్కఱలేదు, ఉత్తరువులక్కఱలేదు. నాలుకకే శిక్షణ యీయదలచినచో మూడంగళ్ల బెల్లము చాలును. కన్నులు మూసుకొని రుచి చూచిన బాలుడు, రసాయనముతో తెల్లబఱచినదానికంటె నల్లబెల్లమే మేలని తానే కనుగొనవచ్చును. కనుగొనకపోయినను చింత లేదు. తన మాట తాను చెప్పుట నేర్చును.

రేపు అంగడిలోను, గ్రంథాలయములోను, ఎన్నికలలోను వానికి చీటీలే ఎదురగును. వానిని చదువుట బడి నేర్పినది. కప్పి చూచుటయు బడియే నేర్పవలెను.