ఫ్యాన్ "డైరెక్ట్" చేసుడు రిపేరు కాదు

ఎండాకాలం వచ్చిందంటే మన కొత్తకోట దిక్కు 44వ నంబర్ హైవే మీద బానెట్ లేపి నిలబడ్డ బండ్లు రోజూ కనిపిస్తయి. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతలేదని షెడ్డుకు తీసుకపోతే చాలా దిక్కుల చెప్పే మందు ఒక్కటే. "డైరెక్ట్ చేసేస్త అన్నా, ఇంక పరేషాన్ ఉండదు." ఒక సన్న వైరు గుంజి డ్యాష్‌బోర్డు కింద చిన్న స్విచ్ పెడ్తరు. లేదంటే తాళం తిప్పంగనే తిరిగేటట్టు కలిపేస్తరు. మనం పైసలిచ్చి సంబురంగా వస్తం. ఇది రిపేరు కాదు, రోగాన్ని దాచిపెట్టుడు. ఈ పద్ధతి బందు కావాలె.

ట్రాక్టర్‌కు ఫ్యాన్ చాలావరకు బెల్టు మీదనే తిరుగుతది, అందుకే మనకు ఈ బాధ తెల్వదు. కారుకు, చిన్న గూడ్స్ బండికి ఫ్యాన్‌కు సొంత మోటార్ ఉంటది. అది 120 నుంచి 180 వాట్లది అనుకోండి. ఇంట్ల 230 వోల్టుల మీద అది ఒక ఆంపియర్ కూడా కాదు. బండిల ఉన్నది 12 వోల్టులే గనక 10 నుంచి 15 ఆంపియర్లు గుంజుతది. లేచేటప్పుడు ఇంకా ఎన్నో ఇంతలు.

బోరు నడిపే రైతుకు ఇది కొత్త ముచ్చట కాదు. మోటార్ లేచేటప్పుడు నడిచే కరెంటుకు ఐదారింతలు గుంజుతది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు ఊరూరా చెప్పింది. కరెంటు రాంగనే అన్ని మోటార్లు ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమైతదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి బోరు మోటార్‌ను స్టార్టర్ లేకుండ గోడ స్విచ్‌కు కలుపుతమా? కలపం. పచ్చ బటన్ మీద పోయేది చిన్న కరెంటు, పెద్ద కరెంటును లోపలి కాంటాక్టర్ మోస్తది. బండిల రిలే చేసే పని అచ్చం అదే. దాన్ని తీసి పారేసి 15 ఆంపియర్లను చిన్న స్విచ్ మీద వేస్తే, మనం కూసునే సీటు ముందట ప్లాస్టిక్ నడుమ కొలిమి పెట్టుకున్నట్టే.

లెక్క చూడండి. సన్న వైరుల, తుప్పు పట్టిన ఎర్త్‌ల రెండు వోల్టులు పోయినయి అనుకుందాం. 15 ఆంపియర్ల మీద అది 30 వాట్ల వేడి. రేడియో రిపేరు చేసేటాయన సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే ఉంటది. అంత వేడి వైరింగ్ లోపల కూసుంటది. ఇటు వైరు కాలుతది, అటు ఫ్యాన్‌కు వోల్టేజి సాలక మెల్లగ తిరుగుతది, ఇంజన్ మళ్ల వేడెక్కుతది.

ఇంక ఫీజు సంగతి. పోయిందని రాగి పోగు చుట్టుడు, 20 ఉన్న కాడ 40 పెట్టుడు మనోళ్లకు అలవాటు. ఫీజు ఉన్నది ఫ్యాన్‌ను కాపాడనీకి కాదు, వైరును కాపాడనీకి. ఫీజు బలంగుంటే వైరే ఫీజు అయితది.

"ఫ్యాన్ ఎప్పుడూ తిరిగితే ఇంజన్ సల్లగుంటది గదా, నష్టమేంది?" అంటరు. నష్టం ఉన్నది. బండి 60 మీద పోతున్నప్పుడు ఎదురుగాలే సాలు. ఫ్యాన్ అవసరం ఆగినప్పుడు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు. ఎప్పుడూ తిరిగితే మోటార్ బ్రష్‌లు ఊకెనే అరుగుతయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మీద అదో బరువు. రాత్రి పెబ్బేరు సంత నుంచి వస్తూ లైట్లు వేసి ఐడిల్‌ల నిలబడితే రెండు హెడ్‌లైట్లకే పది ఆంపియర్ల దాకా పోతయి. ఐడిల్‌ల ఆల్టర్నేటర్ పూర్తిగ ఇయ్యదు, తక్కువైంది బ్యాటరీ నుంచే పోతది. స్విచ్ పెట్టినోళ్లది ఇంకో గండం: ఒక్కనాడు వేసుడు మర్చిపోతే హెడ్ గ్యాస్కెట్ ఖర్చు నెత్తి మీద పడ్తది.

అసలు ఆ ఫీజు ఎందుకు పోయిందో అడిగినోడు ఉన్నడా? ఇంజన్ సల్లారినంక, బ్యాటరీ వైరు తీసి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడాలె. గట్టిగుంటే బుష్ పోయినట్టే, అది ఎక్కువ కరెంటు గుంజుతది. రేడియేటర్ సందుల్ల పల్లికాయ పొట్టు, పత్తి దూది, ఎర్రమట్టి నిండితే గాలి పోదు, ఫ్యాన్ ఆగకుండ తిరుగుతది. మెల్లని నీళ్ల ధారతో ఇంజన్ దిక్కు నుంచి బయటికి కడిగితే సగం బరువు అక్కడనే తగ్గుతది. ఆ కడుగుడుకు రూపాయి ఖర్చు లేదు.

మెకానిక్‌లను నేను తిడతలేను. వాళ్లల్ల పనిమంతులు ఉన్నరు. జల్దీ గావాలె, తక్కువల గావాలె అని మనం తొందరపెడితేనే ఈ డైరెక్ట్ పుట్టింది. అందుకే అడగాల్సింది మనమే. రిలే ఉండాలె. బ్యాటరీకి దగ్గర్ల సరైన నంబర్ ఫీజు ఉండాలె. ఫ్యాన్ మోసేటంత మందం రాగి వైరు, గీకి బిగించిన ఎర్త్ ఉండాలె. వేడిని చూసి ఫ్యాన్‌ను లేపే సెన్సార్ పోతే కొత్తది వేయాలె గని దాన్ని తప్పించొద్దు. రెండు స్పీడ్ల ఫ్యాన్ అయితే, మొదలు మెల్లగ తిప్పే రెసిస్టర్ కాలిందని పీకేయనీయొద్దు. ఆ మెల్లని స్పీడే వైరింగ్ మీద దెబ్బ తగ్గిస్తది. పని అయినంక ఫ్యాన్ తిరుగుతుండంగ మీటర్ పెట్టించండి. బ్యాటరీ కాడ ఉన్న వోల్టేజికి, ఫ్యాన్ కాడ ఉన్న వోల్టేజికి అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే పని కానట్టే, పైసలు ఇయ్యకండి.

ఇవన్నీ కలిపినా హెడ్ పని ఖర్చుల ఒక మూలకు రావు. బోరుకు స్టార్టర్ లేకుండ ఒప్పుకోని మనం, పిల్లలను ఎక్కించుకునే బండికి డైరెక్ట్ ఎట్ల ఒప్పుకుంటున్నం? ఈసారి ఎవరన్న "డైరెక్ట్ చేస్త అన్నా" అంటే, వద్దని చెప్పి తాళం చేతిలకు తీసుకోండి.