నా పేరున రాసుకో

'షార్ట్‌కట్' అన్న మాటకు తెలుగు వెతికేటప్పుడు మనకు రెండు మాటలు తగులుతాయి. ఒకటి దగ్గరిదారి, రెండవది అడ్డదారి. మొదటిదానిలో దోషమేమీ లేదు. రెండవదానికి మాత్రం తప్పుదారి అన్న వాసన అంటుకొని ఉంది. కంప్యూటరు మీటలకు మొదటిదే తగునని చాలాకాలం అనుకున్నాను. అంగళ్ళలో లెక్కలు రాసిన అనుభవం వచ్చాక, ఒకే మీట ఒక్కోసారి దగ్గరిదారి, ఒక్కోసారి అడ్డదారి కాగలదని తెలిసింది. ఈ టపా ఆ మీట గురించే.

టాలీలో లెక్కలు రాసే వారెవరికైనా ఆ మీట పరిచయమే. బిల్లు రాస్తుండగా ఖాతాదారు పేరు జాబితాలో కనిపించకపోతే, రాస్తున్న బిల్లును వదిలి వెనక్కి పోనక్కరలేదు. ఆల్ట్ మీటను పట్టుకొని సి నొక్కితే కొత్త ఖాతా తెరిచే తెర అక్కడే వస్తుంది. పేరు కొట్టి, సండ్రీ డెబ్టర్స్ కింద చేర్చి, కంట్రోల్‌తో ఏ నొక్కితే ఖాతా పుడుతుంది, మనం మళ్ళీ బిల్లులోనే ఉంటాం. చేయి తిరిగిన కుర్రవాడికి అర నిమిషం పని. దీన్ని ఊహించినవారి బుద్ధికుశలతను మెచ్చుకోవలసిందే.

టాలీ 1986లో బెంగుళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకాల చేతిలో మొదలైంది. అంతకు ముందటి లెక్కల ప్రోగ్రాముల్లో ప్రతి ఖాతాకూ ఒక సంకేత సంఖ్య ఉండేది, గుమాస్తా ఆ సంఖ్యలు గుర్తుంచుకోవాలి. టాలీ ఆ బెడదను తీసివేసింది. సంఖ్యలు లేవు, పేరే ఖాతా. మన వ్యాపారులకు అది వెంటనే నచ్చడంలో ఆశ్చర్యం లేదు. అరువుకు సరుకు తీసుకునేవాడు తరతరాలుగా అంటున్న మాట "నా పేరున రాసుకో" అనే కదా! అయితే పేరే గుర్తు అయినప్పుడు, ఆ పేరు రాయడంలో జరిగే చిన్న తేడా కూడా మనిషినే రెండు చేస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

2011లో తిరుపతిలోని ఒక టోకు అంగడిలో సాయంకాలాలు లెక్కలు చూసేవాణ్ణి. వ్యవసాయపు పైపులు, మోటారు సామాను అమ్మే అంగడి. పుత్తూరు వైపునుండి వచ్చే పెద్దాయన ఒకరు ఏళ్ళతరబడి ఖాతాదారు. ఆయన అసలు పేరు ఇక్కడ అక్కరలేదు, మునిరత్నం అనుకుందాం. మన ప్రాంతంలో వీధికొక మునిరత్నం ఉంటాడు. ఆయన పేరున పద్దెనిమిది వేల నాలుగు వందల బాకీ తెరమీద కనిపిస్తోంది. నెలలు గడిచాయి. యజమాని చెప్పగా నేనే ఫోన్ చేశాను. రెండోసారి కొంచెం గట్టిగానే మాట్లాడాను.

మరునాడు పెద్దాయన బస్సెక్కి వచ్చాడు. చొక్కా జేబులోని ప్లాస్టిక్ కవరులోంచి మడతలు పడిన రసీదు తీసి బల్లమీద పెట్టాడు. మా అంగడి రసీదే, మా ముద్రే, పూర్తి మొత్తానికే. "నాయినా, మీ పెట్టెలో నేను ఎంతమందిని ఉండాను?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

వెతికితే ఆయన ఇద్దరుగా ఉన్నాడు. ఇంగ్లీషు లిపిలో ఆ పేరును టీ తరువాత హెచ్ లేకుండా రాసేవారున్నారు, పెట్టి రాసేవారున్నారు. తమిళపు పలుకుబడితో నడుమ ఒక ఐ చేర్చేవారూ ఉన్నారు. పాత ఖాతా హెచ్ లేనిది. డబ్బు కట్టిన రోజు అంగడిలో జనం కిక్కిరిసి ఉన్నారు. బల్ల దగ్గరి కుర్రవాడు హెచ్‌తో కొట్టాడు, జాబితాలో దొరకలేదు. ఆల్ట్, సి. కొత్త మునిరత్నం పుట్టాడు, జమ అతని పేరున పడింది. పాతవాడు బాకీదారుగానే మిగిలాడు.

ఇందులో భయపెట్టే సంగతి ఏమిటంటే, లెక్క ఎక్కడా తప్పలేదు. నగదు సరిపోయింది. ఒకచోట పద్దెనిమిది వేల నాలుగు వందల ఖర్చు, మరొకచోట అంతే జమ. అంకణా సమంగా కుదిరింది. అచ్చు ఒకే అక్షరాలున్న పేరు మరొకటి ఉంటే యంత్రం ఒప్పుకోదు. ఒక్క అక్షరం తేడా ఉంటే దాని దృష్టిలో అది వేరే మనిషి. లెక్క కుదరడం వేరు, నిజం కావడం వేరు అని నాకు నేర్పింది ఆ రసీదే. రెండు ఖాతాలను ఒకటి చేయడానికి ఆ రాత్రి పద్దులు ఒక్కొక్కటే తెరిచి మార్చాను. పని చిన్నదే. కట్టిన డబ్బు మళ్ళీ అడిగిన నా ఫోన్ మాటను మాత్రం ఏ మీటా వెనక్కి తేలేదు.

చిట్టా, ఆవర్జా చేతితో రాసిన కాలంలో ఇటువంటి తప్పులు లేవని నేననను. అయితే ఆవర్జాలో కొత్త పేరుకు ఒక పుట కేటాయించడం అప్పట్లో ఒక నిర్ణయం. గుమాస్తా అడిగేవాడు: ఏ ఊరు? ఎవరి కొడుకు? ఇంతకు ముందు మన దగ్గర పేరుందా? యజమాని తల ఊపితే గాని పుట తెరిచేవాడు కాదు. ఎందుకంటే పేరు రాసుకోవడమంటే నమ్మకం ఇవ్వడం. ఆ ప్రశ్నలకు పట్టే రెండు నిమిషాలు వృథా కాలం కాదు, అసలు పని అదే. దగ్గరిదారి మీట ఆ రెండు నిమిషాలను మిగిల్చింది, వాటితోపాటు ఆ ప్రశ్నలనూ మింగింది. నా ఫిర్యాదు మీటమీద కాదు, ఆ మింగుడు మీద.

మన సీమకు ఇది మరీ ముఖ్యం. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఇంటిపేరు ముందు పెట్టుకునేవారు, తండ్రి పేరునుండి పొడి అక్షరం తీసుకునేవారు పక్కపక్క ఇళ్ళలోనే ఉంటారు. ఒకే మనిషి రేషను కార్డులో ఒక తీరున, బ్యాంకులో మరొక తీరున ఉండటం వింత కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయ్యాక చిరునామాలూ రెండు తీరులయ్యాయి.

పైగా మనకు రెండు సరిహద్దులు. నగరి దాటితే తమిళనాడు, పలమనేరు దాటి కొంత దూరం పోతే కర్ణాటక. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ఖాతాలో రాష్ట్రం గడి కూడా బరువైనదే. రాష్ట్రంలోపలి అమ్మకానికి పన్ను కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. సరిహద్దు దాటితే ఐ.జి.ఎస్.టి. పదిహేను అక్షరాల జి.ఎస్.టి. సంఖ్యలో మొదటి రెండు అంకెలే రాష్ట్రాన్ని చెబుతాయి: మనకు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తొందరలో తెరిచిన ఖాతాలో రాష్ట్రం తప్పుపడితే, పన్ను తప్పు పద్దులో పడుతుంది. అప్పుడు సరైన పద్దులో మళ్ళీ కట్టి, మొదట కట్టినదాన్ని వాపసు అడుక్కోవాలి. కొత్త టాలీలో ఆ సంఖ్య ఇస్తే వివరాలు అంతర్జాలం నుండి వచ్చే సౌకర్యం ఉంది, మంచిదే. కానీ పైపులు కొనే రైతుకు ఆ సంఖ్య ఎక్కడిది? అతనికి ఉన్నది పేరొక్కటే.

అటువంటప్పుడు బల్ల దగ్గరి కుర్రవాళ్ళకు ఆ మీటను నిషేధిస్తే పోలేదా అని కొందరంటారు. టాలీలో అలా కట్టడి చేయవచ్చు, మేమూ చేశాము. వారం తిరగకుండా కుర్రవాళ్ళు దొరకని పేర్లన్నిటినీ 'చిల్లర' అన్న ఒకే ఖాతాలో కుక్కసాగారు. ఇద్దరైన మనిషిని తరువాతైనా కలపవచ్చు. చిల్లరలో కలిసిపోయిన మనిషిని వెతకడం అంతకంటె కష్టం. జనం నిలబడి ఉన్నప్పుడు దగ్గరిదారి కావలసిందే. కట్టడిని వారంలోనే ఎత్తివేశాము.

దాని బదులు మూడు అలవాట్లు పెట్టుకున్నాము. ఒకటి, పేరు పక్కన ఊరు తప్పక రాయడం. రెండు, మారుపేరు రాసే గడిలో ఫోన్ సంఖ్య ఉంచి, కొత్త ఖాతా తెరిచే ముందు ఆ సంఖ్యతో వెతకడం. ఫోన్ సంఖ్యలూ మారుతాయి, నిజమే, కానీ పేరు స్పెల్లింగు మారినంత సులువుగా మారవు. మూడు, ఆల్ట్, సి నొక్కిన ప్రతిసారీ ఆ పేరును బల్లమీది చిన్న నోటుపుస్తకంలో రాయడం. రాత్రి అంగడి మూసే ముందు యజమానీ నేనూ ఆ నాలుగైదు పేర్లు చదువుకొని, ఊరు, తండ్రి పేరు, రాష్ట్రం సరిచూసేవాళ్ళం. పాత గుమాస్తా ప్రశ్నలను పగటినుండి రాత్రికి వాయిదా వేశామన్నమాట. పోగొట్టుకోలేదు.

ఇక నాలుగవది నా ఆశ మాత్రమే. 2006లో వచ్చిన టాలీ 9 నాటికే అందులో తెలుగు రాసుకునే వీలుంది. మునిరత్నం అని మన లిపిలో రాస్తే హెచ్ గొడవ, ఐ గొడవ ఉండవు. చివర సున్నా పెట్టాలా, ము రాయాలా అన్న ఒక్క తగవు మిగులుతుంది. అంతమాత్రం మనం తేల్చుకోగలం. తెలుగులో రాయడం ఎందుకని అడిగేవారికి మనం సాధారణంగా భాషాభిమానం జవాబుగా చెబుతాం. నేనైతే ఆ పెద్దాయన రసీదును చూపిస్తాను.

ఆయన మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. సరుకు ఎంచుకున్నాడు, బిల్లు వేశాను. ఎప్పటిలా "నా పేరున రాసుకో" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. నోట్లు లెక్కపెట్టి బల్లమీద పెట్టి, రసీదు అడిగి తీసుకొని వెళ్ళిపోయాడు.